ఎడమ వైపు ఏమైందండీ?

మా డాక్టరు గారు పోయిన రోజు ఫ్లెక్సీ మీద వెయ్యడానికి ఆవిడ ఫోటో ఒక్కటీ దొరకలేదు. ముప్పై ఏళ్ల పాటు రోజూ ఎందరివో లోపలి బొమ్మలు చూసిన మనిషి, తన బొమ్మ మాత్రం ఎవరినీ తియ్యనిచ్చేవారు కాదు. "అందరివీ నేను చూస్తున్నాను కదండీ, నాది ఎవరూ చూడక్కర్లేదు" అనేవారు. చివరికి స్కానింగ్ సెంటరు గోడకు వేలాడే డిగ్రీ పట్టా ఫ్రేములోంచి పాతికేళ్ల అమ్మాయి ఫోటో ఒకటి తీసి పెద్దది చేసి వేశారు. రాజమండ్రిలో ఆ కూడలి దాటుతున్న వాళ్లు ఎవరో చిన్నపిల్ల పోయిందనుకుని అయ్యో అనుకుంటూ వెళ్లారు.

ఫోటో కింద రెండు వాక్యాలు రాసే పని నాకు పడింది. పదకొండేళ్లు ఆవిడ దగ్గర రిపోర్టులు టైపు చేశాను. పైగా కవిని. ఆ మాట నేనే చెప్పుకోవాలి, ఇంకెవరూ చెప్పరు. "కారుచీకటిలో కాంతిరేఖ, కన్నీటి కడలిలో కరదీపిక" అని రాసి పంపించాను. సెంటర్లో ఎక్స్‌రే మిషను చూసే సునీత గారు అది చదివి ఫోన్ చేశారు.

"ఏమండీ, మేడమ్ గారు బతికినంత కాలం చీకటి గదిలోనే పని చేశారు కదండీ. దాన్నెందుకు తిట్టడం? ఆ రెండోది నాకు అర్థం కాలేదండి. సముద్రంలో దీపం ఆరిపోదా?"

రెండూ కొట్టేశాను. ఫ్లెక్సీ మీద పేరు, తేదీలు మాత్రమే పడ్డాయి. ఆ రెండు వాక్యాలకు బదులుగా ఇది రాస్తున్నాను. పొడవెక్కువైంది. ఆవిడ ఉంటే సగం తీసేయించేవారు.

అంతకు ముందు నాకు డీటీపీ షాపు ఉండేది. పెళ్లి శుభలేఖలు, గృహప్రవేశాలు, అప్పుడప్పుడు సొంత కవితల కరపత్రాలు. జనం శుభలేఖలు ఫోన్లలో పంపుకోవడం మొదలెట్టాక షాపు మూతపడింది. స్కానింగ్ సెంటర్లో తెలుగు, ఇంగ్లీషు రెండూ టైపు చేసే మనిషి కావాలన్నారని తెలిసి వెళ్లాను.

చీకటి గదిలో రెండు తెరల వెలుతురు ముందు ఒక చిన్న మనిషి కూర్చుని ఉన్నారు. నేత చీర, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు.

"తెలుగు టైపు బాగా వచ్చా అండీ?"

"పద్యాలు కూడా కొడతానండి."

"పద్యాలు వద్దులెండి. ఇది కొట్టండి. కుడి రొమ్ములో, పై భాగాన, చంక వైపు కందిగింజంత గడ్డ ఉంది. అదేమిటో తేల్చుకోవడానికి సూదితో చిన్న ముక్క తీసి పరీక్ష చెయ్యాలి."

డాక్టర్లకు ఇంగ్లీషులో రిపోర్టు ఎలాగూ వెళ్తుంది. దానితోపాటు మనిషి చేతికి తెలుగులో ఒక కాగితం ఇవ్వడం ఆవిడ పద్ధతి. ఆ సంగతి నాకు తరవాత తెలిసింది. అప్పుడు మాత్రం చెవులు వేడెక్కాయి. 'కుడి ఛాతీ భాగమున' అని కొట్టాను.

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని చదివారు. "ఛాతీ అంటే ఆవిడ దగ్గు డాక్టరు దగ్గరికి వెళ్లిపోతుందండి. రొమ్ము అని కొట్టండి."

'వక్షస్థలము' అని కొట్టాను.

"అది తిరుపతి వెంకన్న గారిదండి. అక్కడ లక్ష్మీదేవి ఉంటుంది. మనకి గడ్డ ఉన్నది కావాలి."

ఇక్కడ నా గురించి ఒక నిజం చెప్పాలి. పాత కావ్యాల్లో నాయికల వర్ణనలు నాకు పేజీలకు పేజీలు కంఠతా వచ్చు. బంగారు కలశాలు, చక్రవాక పక్షులు, ఏనుగుల కుంభస్థలాలు, అన్నీ. కోటిలింగాల రేవు మెట్ల మీద మిత్రుల ముందు గొంతెత్తి రాగం తీసి చదివేవాణ్ణి. ఏనాడూ సిగ్గుపడలేదు. ఇప్పుడు అన్నం, నీళ్లు లాంటి మామూలు మాట ఒకటి కొట్టమంటే వేళ్లు రాలేదు. కొట్టలేకపోవడానికి కారణంగా ఈ కావ్యాల సంగతే వినయంగా ఆవిడకు చెప్పాను. సాహిత్యం తెలిసిన వాణ్ణని తెలిస్తే గౌరవం పెరుగుతుందనుకున్నాను.

ఆవిడ శ్రద్ధగా విన్నారు. "మీ కావ్యాల్లో అంతమంది ఆడవాళ్లున్నారు కదండీ, ఒక్కరికైనా గడ్డ వచ్చిందా?"

"రాలేదండి."

"వచ్చే ఉంటుందండి. చెప్పుకోడానికి వాళ్లకి మాట ఉండదు. ఉన్న మాటలన్నీ కవిగారే వాడేసుకున్నారు."

ఆ ఉద్యోగం నాకెందుకిచ్చారో ఇప్పటికీ తెలియదు.

ఆవిడ నరసాపురం వైపు మనిషి. చర్చి బడి మాస్టారి కూతురు. తల్లి లేసు అల్లేదట. "అమ్మ అల్లింది వెలుగుకి అడ్డంగా పట్టుకుని ఎక్కడ ముడి తప్పిందో చెప్పడం నా పనండి, చిన్నప్పుడు. ఇప్పుడూ అదే పని. జీవితంలో ఏం ఎదగలేదు" అనేవారు. మనిషికీ మనిషికీ మధ్య ఖాళీ దొరికితే కొక్కెం, దారపుండ తీసి అల్లుకునేవారు. సాయంత్రానికి అల్లిందంతా లాగేసేవారు. ఎందుకండీ అంటే, పూర్తి చేస్తే ఎవరికో ఒకరికి ఇవ్వాలి, మిగతావాళ్లు అలుగుతారు అనేవారు.

ఎవరినైనా 'అండి' అనేవారు. మిషనుకు కూడా మినహాయింపు లేదు. "ఇవాళ మిషను గారికి ఒంట్లో బాలేదండి, కాసేపు ఆగుదాం." ఒంటి మీద రాసే జెల్ సీసాను వేడినీళ్ల గిన్నెలో ఉంచేవారు. మనిషిని ముట్టుకునే ముందు వేడి టీ గ్లాసు రెండు అరచేతుల మధ్య పట్టుకుని చేతులు వెచ్చబెట్టుకునేవారు. ఆ టీ తాగేవారు కాదు. రోజుకు ఆరేడు గ్లాసులు అలా చల్లారేవి. పారబొయ్యడం ఎందుకని పదకొండేళ్లు ఆ చల్లారిన టీలు నేను తాగాను. సెంటర్లో నా సేవ ఏమిటని ఎవరైనా అడిగితే గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలిగింది ఇదొక్కటే.

ఒక్కొక్కరివి నాలుగు బొమ్మలు తీసేవారు, కుడివి రెండు, ఎడమవి రెండు. వాటిని తెర మీద వీపులు ఆనించి కూర్చోబెట్టినట్టు పక్కపక్కన పెట్టుకునేవారు. నిరుటి బొమ్మ ఉంటే ముందు దాన్ని చూసేవారు. "చూడ్డానికేముందండీ, కళ్లున్న వాళ్లందరూ చూస్తారు. తేడా చూడాలి. నిరుడు లేనిది ఇప్పుడుందా, అటు లేనిది ఇటుందా." ఒకసారి నన్ను పిలిచి తెర మీద చూపించారు. బూడిద రంగు మబ్బులో ముగ్గుపిండి చిటికెడు రాల్చినట్టు ఏడెనిమిది తెల్ల నలకలు. నాకు ముందు అవి కూడా కనిపించలేదు. "చేతికి తగలడానికి దీనికి ఇంకా ఏళ్లు పడుతుందండి. అప్పటిదాకా ఇది నాకొక్కదానికే తెలుసు" అన్నారు. గర్వంగా అనలేదు. ఎవరి బిడ్డో దారి తప్పి తన గుమ్మంలోకి వచ్చినట్టు అన్నారు.

భర్తలు బయటి బెంచీ మీద కూర్చుని లేచి వచ్చి అడిగేవారు: "ఏం కాదు కదండీ?" దానికి ఆవిడ జవాబు ఎప్పుడూ ఒకటే. "ఏం కాదు అనేది చుట్టాల మాటండి. ఇంటికెళ్తే వాళ్లు చెప్తారు. నేను ఏముందో చెప్తాను."

గడ్డ ఎన్నాళ్ల నుంచి ఉందని అడిగితే ఆడవాళ్లందరూ ఒకే అబద్ధం చెప్పేవారు. "నిన్ననే చూసుకున్నానండి." ఆవిడ కోప్పడేవారు కాదు. "అలాగా. ఏ నిన్నండీ? వినాయక చవితికి ఉందా? ఉంది. ఉగాదికి? పోనీ అంతకు ముందు అట్లతద్దికి?" అలా పండగల మీదుగా నెమ్మదిగా వెనక్కి నడిపించుకుంటూ వెళ్లి అసలు రోజు దగ్గర నిలబెట్టేవారు. క్రైస్తవులైతే క్రిస్మస్ నుంచి మొదలెట్టేవారు.

బొమ్మలో అనుమానం ఉన్నవాళ్లు మళ్లీ రాకపోతే ఫోన్లు చేసే పని నాది. చేరిన రెండో ఏడు పెనుగొండ దగ్గర ఊళ్లో ఒకావిడ బొమ్మలో ఆ ముగ్గుపిండి నలకలు కనిపించాయి. ఆవిడ ఇంట్లో చెప్పకుండా అక్కను తోడు తీసుకుని వచ్చి, ఇంట్లో ఉన్నది ఒక్క ఫోనే కాబట్టి భర్త నంబరు రాసిచ్చి వెళ్లింది. వెంటనే పిలిపించండి అన్నారు డాక్టరు గారు. ఫోన్ చేశాను. మగ గొంతు పలికింది. నా నాలుక మడతబడింది.

"ఏం లేదండి, మీ ఇంట్లో ఆడవాళ్లకి... ఛాతీ ఎక్స్‌రే ఒకటి మళ్లీ తియ్యాలన్నారండి."

"ఆయ్, అలాగేనండి. కోతలు అయిపోగానే తీసుకొచ్చేస్తానండి."

పని పూర్తయిందని టిక్కు పెట్టాను. మూడు వారాల తరవాత ఆయన వచ్చాడు. కూడా డెబ్బై ఐదేళ్ల తల్లి, ఆయాసంతో మెట్లెక్కలేక ఆయన భుజం మీద వాలిపోయి ఉంది. దగ్గుకి మంచి మందిస్తారని చెప్పి తీసుకొచ్చాడట. డాక్టరు గారు ఆ ముసలావిణ్ణి చూశారు, కాగితం చూశారు, తరవాత నన్ను చూశారు.

ముందు ముసలావిణ్ణి కూర్చోబెట్టి నీళ్లిచ్చి, ఆయాసానికి ఎవరికి చూపించాలో ఆయనకు చెప్పి, రేపు పొద్దున్నే భార్యను తీసుకురమ్మని పంపించారు. తరవాత నన్ను లోపలికి పిలిచారు. ఆవిడ గొంతు పెంచితే బాగుండేది.

"మూడు వారాలండి. నాకు కనిపించింది, ఆవిడకి తెలీదు. మధ్యలో ఉన్నది మీరొక్కరే. మీ సిగ్గు ఆవిడ ఒంట్లో మూడు వారాలు కూర్చుంది."

"క్షమించండి."

"నాకెందుకండీ క్షమాపణ. ఇకమీదట ఎవరు ఫోనెత్తినా 'ఫోను ఆవిడకివ్వండి' అనండి. ఇచ్చాక, ఉన్న మాట అనండి."

పెనుగొండావిడ మర్నాడు వచ్చింది. సూది పరీక్షలో క్యాన్సరు మొదటి మెట్టు దగ్గరే ఉందని తేలింది. ఆపరేషనైంది, బాగుంది. మూడు వారాల వల్ల ఏం మునిగిపోలేదు. ఆ మాట అని నన్ను నేను ఓదార్చుకోబోతే డాక్టరు గారు ఒప్పుకోలేదు. "అది మీ గొప్ప కాదండి, ఆవిడ అదృష్టం."

ఆ రోజు నుంచి ఫోన్లో ఆ మాట గట్టిగానే పలకడం నేర్చుకున్నాను. ఇంట్లో ఫోన్ చేస్తుంటే పక్కవాటా వాళ్లు కిటికీ మూసేసుకునేవారు. సిగ్గు జయించిన వీరుణ్ణని నాకు నేనే బిరుదిచ్చుకున్నాను.

ఆ వీరుడి సంగతి నా యాభై రెండో ఏట బయటపడింది.

స్నానం చేస్తుంటే ఎడమ చనుమొన కింద బఠాణీ గింజంత గట్టిగా తగిలింది. చీమ కుట్టి ఉంటుందనుకున్నాను. నాలుగు నెలలు ఆ ఒక్క చీమే కుట్టిందనుకున్నాను. ఆముదం రాశాను. బయటికి తెలియకుండా ఎండాకాలంలో రెండు బనీన్లు తొడుక్కున్నాను. మగవాళ్లకి కూడా అరుదుగా వస్తుందని డాక్టరు గారు చెప్పగా నేనే స్వయంగా కాగితాల్లో కొట్టినవాణ్ణి. గట్టిగా ఉండడం, అంచులు సరిగా లేకపోవడం, నొప్పి లేకపోవడం అంటే ఏమిటో కొన్ని వేల సార్లు టైపు చేశాను. పెళ్లి మంత్రాల పుస్తకం టైపు కొట్టినంత మాత్రాన పురోహితుడైపోడు కదా, నేనూ అంతే. చదివింది వేళ్లలో ఉండిపోయింది, పైకి రాలేదు. పదిమంది ఆడవాళ్ల మధ్య అంగీ విప్పుకోవడం తలుచుకుంటే చచ్చిపోవడం కాస్త మర్యాదగా కనిపించేది.

ఒక మధ్యాహ్నం డాక్టరు గారు సంతకాలు పెట్టాల్సిన కాగితాలు పక్కన పెట్టి నన్ను పిలిచారు.

"ఈ వారంలో మీరు మూడుసార్లు కుడి అని చెబితే ఎడమ అని కొట్టారండి."

అక్కడ కుడి ఎడమ తారుమారు కావడమంటే మామూలు అచ్చుతప్పు కాదు. "పొరపాటండి. ఇంకెప్పుడూ జరగదు."

"పొరపాటైతే అటూ ఇటూ జరుగుతుందండి. మీరు ఎడమని కుడి అని ఒక్కసారీ కొట్టలేదు. మూడుసార్లూ ఎడమ వైపే వెళ్లారు." కళ్లద్దాలు తీసి నా వంక చూశారు. "ఎడమ వైపు ఏమైందండీ?"

చెయ్యి దానంతటదే అంగీ మీదికి పోయింది. ఆవిడ ఆ చేతిని చూశారు.

"ఎన్నాళ్ల నుంచండీ?"

"నిన్ననే చూసుకున్నానండి" అన్నాను. నిజంగా అలాగే అన్నాను.

"ఏ నిన్నండీ? ఉగాదికి ఉందా?"

ఉంది. శివరాత్రికి కూడా ఉంది. అక్కడ ఆగారు. తరవాత అన్నారు, "పెనుగొండావిడ మీ వల్ల మూడు వారాలు ఆగిందండి. మీరు నాలుగు నెలలు ఎవరి వల్ల ఆగారు?"

పదకొండేళ్లలో ఆవిడ నన్ను అన్న మాటల్లో ఇదే కఠినమైంది. అనేసి లేచి టీ చెప్పారు. గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని కూర్చున్నారు. నా కోసమని నాకు కాసేపటికి గానీ తట్టలేదు.

మగవాడికి ఆ మిషనులో బొమ్మ తియ్యడం ఎంత కష్టమో వర్ణించను. రెండు పలకల మధ్య పెట్టడానికి నా దగ్గర తగినంత సరుకు లేదు. సునీత గారు తంటాలు పడి, "ఊపిరి బిగబట్టండి" అన్నారు. నేను ఊపిరి వదిలి అప్పటికే చాలాసేపైంది. అంతకు ముందు ఒంటికి రాసుకున్న పౌడరంతా తుడిపించారు, పౌడరు కూడా బొమ్మలో తెల్ల నలకల్లా పడుతుందని. ఎనిమిదేళ్లుగా వచ్చిన ప్రతి మనిషికీ 'పౌడరు రాసుకుని రాకండి' అని ఫోన్లో చెప్తున్నది నేనే.

తరవాత బయట ఆడవాళ్లు కూర్చునే హాల్లో కూర్చోమన్నారు. పక్కన ఒక ముసలావిడ అడిగింది, "ఎవర్ని తీసుకొచ్చేవు బాబూ?"

"నన్నేనండి."

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. ఇంకేం అడగలేదు. కొంచెం పక్కకు జరిగి చోటిచ్చి, సంచీలోంచి ఒక బత్తాయికాయ తీసి నా చేతిలో పెట్టింది.

లోపల్నుంచి టక్కుమని ఒక చప్పుడు వినిపించింది. చాలాసేపటికి ఇంకో టక్కు. డాక్టరు గారు కీబోర్డు ముట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. నా రిపోర్టు నా చేత కొట్టించలేక ఆవిడే ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నారు. ఈ హాల్లో కూర్చున్న వాళ్లకు నా టైపు చప్పుడు ఎలా వినిపించేదో ఎనిమిదేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు. గబగబా, టకటకా, ఎవరిదో శుభలేఖ కొడుతున్నట్టు. ముప్పావుగంట తరవాత కాగితం నా చేతికి వచ్చింది. మూడు అచ్చుతప్పులున్నాయి. ఎడమ మాత్రం ఎడమే.

మా ఆవిడను పిలిపించారు. ఆవిడ బళ్లో లెక్కల టీచరు. అంతా విని ఏడవలేదు, నా వైపు తిరిగి, "రెండు బనీన్లు ఎందుకేసుకుంటున్నారో ఇప్పుడు తెలిసింది" అంది. ఏడుపు తరవాత, ఆటోలో వచ్చింది. ఇద్దరికీ.

సూది పరీక్షలో క్యాన్సరని తేలింది. ఆపరేషను, తరవాత మాత్రలు. నాలుగు నెలలు నేను దాచినా అది పెద్దగా పాకలేదు. అది నా గొప్ప కాదని ఈసారి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

మళ్లీ పనిలో చేరిన రోజు డాక్టరు గారు నాకు కొత్త ఉద్యోగం వేశారు. బయటి బెంచీ మీద కూర్చునే భర్తలతో మాట్లాడాలి. ఊళ్లలో క్యాంపులు పెట్టినప్పుడు మగవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి చెప్పాలి. జీవితంలో మొదటిసారి నాకు శ్రోతలు దొరికారు. మాటలు రాసుకుంటుంటే ఆవిడ కనిపెట్టి, "కవిత్వం వద్దండోయ్" అన్నారు.

ఆఖరి క్యాంపు నరసాపురానికి ఎదురుగా, గోదావరి అవతలి ఒడ్డు పల్లెలో పెట్టాం. పోయిన ఏడాది శీతాకాలం. చిన్న స్కానింగ్ మిషను పెట్టుకుని వ్యానులో వెళ్లాం. బడి వరండాలో నేను మైకు పట్టుకున్నాను. వద్దన్న కవిత్వమే రెండు పాదాలు చదివాను. మగవాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. ఇలా లాభం లేదని అంగీ విప్పి మచ్చ చూపించాను. వెనక వరసలో ఎవరో నవ్వారు, తరవాత అందరూ ఊరుకున్నారు. ఎవరూ లేవలేదు. ఒక పెద్దాయన మాత్రం "పాపం, సోడా తెప్పించండ్రా" అన్నాడు. సోడా తాగి దిగిపోయాను. ఆడవాళ్లు ఓ పదిమంది వచ్చి చూపించుకుని వెళ్లారు.

సాయంత్రం వ్యాను సర్దుకుని రేవుకు వచ్చాం. ఆఖరి పంటు కదలడానికి సిద్ధంగా ఉంది. రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిచిన ఆ పంటు మీదికి వ్యాను ఎక్కించాం. ఇంతలో కొబ్బరికాయలు దింపే మనిషి ఒకాయన, నడుముకు ఇంకా చెట్టెక్కే మోకు ఉంది, సైకిలు మీద రొప్పుకుంటూ వచ్చి నన్ను పక్కకు పిలిచాడు.

"ఆయ్, ఒక్క మాటండి. పొద్దున్న మీరు చెప్పారే, మా ఆవిడకి అలాంటిదే ఉందండి. నిరుడు నాకు చెప్పింది. ఆడాళ్ల సంగతి నాకెందుకు చెప్తావే అన్నానండి. అప్పట్నించి చెప్పడం మానేసింది." కళ్లు తుడుచుకున్నాడు. "ఇప్పుడు తీసుకొస్తే చూస్తారా అండి?"

డాక్టరు గారికి చెప్పాను. "వెళ్లి తీసుకురండి. మేం ఇక్కడే ఉంటాం" అన్నారు. ఆయన వెనక్కి తిరిగి సైకిలెక్కాడు. పంటు నడిపే ఆయన గంట కొట్టాడు. ఆవిడ వెళ్లి రేవు మీదికి దించే రేకు పలక మధ్యలో, చీర కుచ్చిళ్లు సర్దుకుని కూర్చున్నారు. ఆ పలక ఎత్తితే గానీ పంటు కదలదు.

"లేవండమ్మా, చీకటి పడితే కష్టం. ఎవరొస్తున్నారేంటి, ఎమ్మెల్యే గారా?"

"కాదండి. ఇందాక సైకిలు మీద వచ్చినాయన భార్య గారు."

జనం విసుక్కున్నారు. ఆవిడ ఎవరితోనూ వాదించలేదు, అలా కూర్చునే ఉన్నారు. నేను అందరికీ నచ్చజెప్పబోతే ఒకాయన, "పొద్దున్న పద్యం చదివింది మీరే కదండీ, కాసేపు ఊరుకోండి" అన్నాడు. ఊరుకున్నాను.

అరగంటకు సైకిలు వచ్చింది. వెనక సీటు మీద నలభై అయిదేళ్ల మనిషి, చేతులకు పిండి అలాగే ఉంది. డాక్టరు గారు ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని వ్యానులోకి తీసుకెళ్లి తలుపు వేసుకున్నారు. పంటు కదిలింది.

కథలు రాసేవాళ్లు ఇక్కడ బిగువు పెడతారు. నాకు ఆ నేర్పు లేదు, ముందే చెప్పేస్తున్నాను. గడ్డ పెద్దదే. చంకలోకి కూడా పాకింది. ఏడాది ముందైతే ఇంత అవస్థ ఉండేది కాదు. కానీ చెయ్యి దాటిపోలేదు. ముందు మందులు ఎక్కించారు, తరవాత ఆపరేషను చేశారు. రాలిన జుట్టు మళ్లీ వచ్చింది. ఇప్పుడు ఇంట్లో తిరుగుతూ పని చేసుకుంటోంది. డాక్టరు గారే ఆవిడ కన్నా ముందు, ఈ వానాకాలంలో, పొద్దున్న కాఫీ కలుపుకుంటూ గుండె ఆగి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం పంటు మీద ఇదేదీ ఎవరికీ తెలియదు. వ్యాను తలుపు మూసి ఉంది. అంతసేపూ విసుక్కున్న మగవాళ్లు, ఎవరూ చెప్పకుండానే, ఒక్కొక్కరే వ్యానుకు వీపు పెట్టి నది వైపు తిరిగి నిలబడ్డారు. బీడీలు కూడా ఎవరూ ముట్టించలేదు. కొబ్బరి దింపే ఆయన మోకు విప్పి చేత్తో పట్టుకుని నీళ్లలోకి చూస్తున్నాడు.

నరసాపురం రేవు వచ్చింది. తాడు కట్టారు. తలుపు తెరుచుకుని డాక్టరు గారు తల బయట పెట్టారు.

"మీరూ లోపలికి రండి. కూర్చుని వినాలి."

"నేనెందుకండీ, ఆడాళ్ల..." అనబోయి ఆయన ఆగిపోయాడు. చెప్పులు విప్పి వ్యాను ఎక్కాడు. తలుపు మళ్లీ మూసుకుంది.

పంటు మీద మా వ్యాను అందరికీ అడ్డంగా ఉంది. దాని వెనక నాలుగు మోటారు సైకిళ్లు, రెండు ఆటోలు, కొబ్బరికాయల ట్రాక్టరు. ఇంటికి వెళ్లాల్సిన జనం. ఒక్కరూ హారన్ కొట్టలేదు.